కెమెరా కొనే ముందు ఈ ఫోటోలు తీసి చూడు బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పిన మూడు కెమెరాల గురించే పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నా, ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని టైప్ చేస్తున్నా, కాస్త పెద్దదే అయినా ఓపిగ్గా చదువు. కోఠిలో చూసినవి పాత ఐక్సస్ ఒకటి, కెనాన్ ఎస్95 ఒకటి, సోనీ ఆర్‌ఎక్స్100 మొదటి మోడల్ ఒకటి అన్నావ్ కదా. మెగాపిక్సెల్స్ ఎక్కువున్నదే మంచిదా పెదనాన్నా అని అడిగావ్. ఫోటోలో ఎన్ని చుక్కలుంటాయో చెప్పే ఆ అంకె చూసి మాత్రం కొనకమ్మా. కెనాన్ వాళ్ళే 2008లో జీ10 అనే మోడల్లో 14.7 మెగాపిక్సెల్స్ పెట్టి, మరుసటేడు జీ11లో 10కి దించేశారు, వెలుతురు తక్కువున్నప్పుడు ఫోటో శుభ్రంగా రావాలని. నీ ఎస్95లో ఉన్నది కూడా 10 మెగాపిక్సెల్సే. మడి చిన్నదైనప్పుడు నారు వత్తుగా నాటితే గింజ ఎక్కడ పెరుగుద్ది చెప్పు, ఇదీ అంతే. చిన్న కాంపాక్ట్‌లలో, అంటే జేబులో పట్టే కెమెరాల్లో, వెలుతురుని పట్టే సెన్సర్ చిప్పు దాదాపు 6 × 4.5 మిల్లీమీటర్లే, ఆర్‌ఎక్స్100లో 13.2 × 8.8, అంటే వైశాల్యంలో నాలుగింతలు. ఎస్95ది మధ్యలో ఉంటది.

అలాగని సెన్సర్ పెద్దదని కళ్ళు మూసుకుని దాన్నే తీసుకోమని కూడా అనను. సెకండ్ హ్యాండ్ వస్తువు కదా, ఏ మోడలన్నది సగమే, నీ చేతికొచ్చిన ఆ పీస్ ఎలా ఉందన్నది మిగతా సగం. నేనొకసారి ఒక కాంపాక్ట్‌ని వెనక స్క్రీన్ మీద బొమ్మలు చూసి కొనేశా, మెరిసిపోతూ కనపడ్డాయి, తీరా మన ఇంట్లో నిశ్చితార్థానికి తీసి 12 × 18 అంగుళాల ప్రింట్ వేయిస్తే పెళ్ళికూతురి మొహం మైనం బొమ్మలా ఉంది, జడలో ఒక్క వెంట్రుక విడిగా లేదు, పట్టుచీర జరీ అంతా పసుపు పూసినట్టు ఒకే ముద్ద. ఆ పిల్ల ఏమీ అనలేదుగానీ నాకు ఇప్పటికీ బాధే, ఆ రోజు మళ్ళీ రాదు కదా. అందుకే వెనక స్క్రీన్ చూసి మాత్రం నమ్మొద్దు.

షాపాయన అడ్వాన్స్ తీసుకుని రెండ్రోజులు ఇంటికిస్తానన్నాడు కాబట్టి మూడూ తెచ్చుకో. ముందు మెనూలోకెళ్ళి డిజిటల్ జూమ్ ఆపెయ్, మొహం నున్నగా చేసే ఆప్షన్ ఉంటే అదీ ఆపెయ్, జేపెగ్ క్వాలిటీ అన్నిటికంటే ఎక్కువలో పెట్టు, మూడింటికీ ఒకటే సెట్టింగ్.

మొదటి పని పేపర్. పాత దినపత్రిక రెండు పేజీలు విప్పి గోడకి నిటారుగా ముడతల్లేకుండా అంటించు, పగలు, బాగా వెలుతురొచ్చే గోడకి. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టు, లేకపోతే స్టూలు మీద పుస్తకాలు పేర్చి పెట్టు, గోడకి సరిగ్గా ఎదురుగా ఉండాలి, వంకరగా పెడితే తప్పు నీది అవుద్ది లెన్సుది కాదు. ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి కెమెరా ఎంత సున్నితంగా ఉండాలో చెప్పే నంబర్, అన్నిటికంటే తక్కువలో పెట్టి 2 సెకన్ల టైమర్‌తో తియ్, బటన్ నొక్కిన కదలిక ఫోటోలోకి రాకుండా. జూమ్ పూర్తిగా వెనక్కి ఉంచి ఒకటి, మధ్యలో ఒకటి, పూర్తిగా ముందుకి లాగి ఒకటి, ఒక్కోటి మూడేసి సార్లు తియ్, ఎందుకంటే ఒక్కోసారి ఫోకస్ తప్పుతుంది. తర్వాత కంప్యూటర్లో వంద శాతం సైజులో, అంటే ఫోటోలో ఒక చుక్కకి స్క్రీన్ మీద ఒక చుక్క వచ్చేలా పెట్టి నాలుగు మూలలూ చూడు. మూలలన్నీ కొంచెం మెత్తగా, అంటే మసగ్గా ఉంటే కంగారు పడకు, చిన్న లెన్సులకి అది మామూలే. నాలుగు మూలల్లో ఒక్కటి మాత్రం, లేదా ఒక పక్కంతా అక్షరాలు అలుక్కుపోయి మిగతావి బాగుంటే, పేపర్ వంకర లేదని ఇంకోసారి తీసి చూసుకో, అప్పుడూ అదే మూలైతే లోపల లెన్సు పక్కకి జరిగిందన్నమాట, కింద పడేసుంటారు. అది ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

రెండోది వెంట్రుకలు. దీని దగ్గర తొందరపడకు. సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద అమ్మని కూర్చోబెట్టు, జడ ముందుకేసుకుని పట్టుచీర కట్టుకోమను. ఐఎస్‌ఓ నువ్వే పెట్టు, ఆటోలో వదిలితే మూడు కెమెరాలూ మూడు రకాలుగా పెట్టుకుంటాయి, ఇంక పోల్చేదేముంది. 100, 200, 400, 800, 1600 వరసగా తీసుకుంటూ పో. ఐఎస్‌ఓ పెరిగేకొద్దీ ఇసక చల్లినట్టు రేణువులొస్తాయి, వాటిని తుడవడానికి కెమెరా లోపలే ప్రోగ్రాం ఉంటది, అది రేణువులతో పాటు వెంట్రుకలూ జరీ కూడా తుడిచేస్తుంది. చాలామంది రేణువులు లేవు కదా క్లీన్‌గా ఉందని మురిసిపోతారు. నాకైతే కొంచెం ఇసక ఉన్నా వెంట్రుక విడిగా కనపడే ఫోటోనే కావాలి, ప్రింట్‌లో ఆ ఇసక కళ్ళకి ఆనదు, పోయిన వెంట్రుక మాత్రం తిరిగి రాదు. ఏ నంబర్ దగ్గర జడ ముద్దయిపోతుందో ఒక్కో కెమెరాకీ కాగితం మీద రాసుకో, ఇంట్లో ఫంక్షన్లకి ఆ కెమెరా వాడకం అంతవరకే. షట్టర్, అంటే వెలుతురు లోపలికి పడే సమయం, నువ్వే పెట్టుకునే వీలున్న కెమెరాలో 1/50 సెకను కంటే స్పీడ్ పెట్టకు, మన కరెంటుకి ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు మినుక్కుమంటది, స్పీడ్ పెంచితే ఫోటో ఫోటోకీ రంగు మారిపోయి కెమెరాని తిట్టుకుంటావ్. అంత నెమ్మది షట్టర్‌లో అమ్మ కదిలినా జడ చెదురుద్ది, అది చెదిరిందా మెత్తబడిందా అని డౌటొస్తే ముక్కుపుడక మెరుపు చూడు, చుక్క గీతలా ఒక పక్కకి సాగితే కదిలినట్టు.

అన్నట్టు ఆర్‌ఎక్స్100ది 20 మెగాపిక్సెల్స్, ఎస్95ది 10, రెండూ వంద శాతంలో పక్కపక్కన పెడితే సోనీకి అన్యాయం చేసినట్టే, దాని బొమ్మ ఇంకా పెద్దదై కనిపిస్తుంది కదా. పెద్దదాన్ని చిన్నదాని సైజుకి తగ్గించి అప్పుడు చూడు.

రంగులకి పెరట్లో ఎర్ర మందారం చాలు, ఎండలో తియ్. రేకుల మీద ఈనెలు కనపడాలి, అంతా ఒకటే ఎరుపు ముద్దైతే ఆ కెమెరా ఎరుపుని తట్టుకోలేకపోతోందని, కుంకుమరంగు చీరలకీ అదే గతి. తెలుపుకి తాతయ్య పంచె, మిట్టమధ్యాహ్నం. పంచె మడతలు పోయి తెల్లకాగితంలా వస్తే ఎక్స్‌పోజర్, అంటే ఫోటో వెలుతురు, మైనస్ 0.7 పెట్టి మళ్ళీ తియ్, అప్పుడు మడతలొచ్చి తాతయ్య మొహం నల్లబడకుండా ఉంటే సరే. పైకి చూసి కొబ్బరాకులు ఆకాశం మీద తియ్, ఆకుల అంచున ఊదారంగు గీత వస్తుంది కొన్నిటికి, అంచు వెంబడి తెల్ల గీత వస్తే అది లెన్సు తప్పు కాదు, షార్ప్‌నెస్ ఎక్కువ పెట్టారు, మెనూలో తగ్గించు. ఖాళీ ఆకాశం కూడా ఒకటి తియ్, మసక మచ్చలు ప్రతి ఫోటోలో అదే చోట ఉంటే లోపల దుమ్ము చేరినట్టే, ఈ కాంపాక్ట్‌లలో లెన్సు ఊడదీయలేం కాబట్టి తుడవడం మనవల్ల కాదు.

సీసీడీ అనే పాతరకం సెన్సర్ ఉన్న కెమెరాని దీపం వైపు తిప్పితే స్క్రీన్ మీద నిలువుగా గీత కనపడుద్ది, భయపడకు, దాని స్వభావం అంతే.

ఆఖర్న మూడింట్లో అమ్మ ఫోటో ఒక్కోటి 9 × 12 అంగుళాల ప్రింట్ వేయించు, 10 మెగాపిక్సెల్స్ అంటే 3648 × 2736 చుక్కలు, అంగుళానికి 300 లెక్కన ఆ సైజుకి సరిగ్గా సరిపోతాయి. ఖర్చు నేనిస్తా.

ఫైళ్ళు నాకూ పంపు, వాట్సాప్‌లో ఫోటోల్లా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపు లేదా డ్రైవ్‌లో పెట్టు. ఫోల్డర్ల మీద కెమెరా పేర్లు రాయకు, 1, 2, 3 అని పెట్టు చాలు, ఏది ఎందులో తీసిందో తెలీకుండా చూస్తేనే నా కన్ను నిజం చెప్తుంది. శనివారం రాత్రికల్లా పంపావంటే ఆదివారం పొద్దున్నే చూసి ఫోన్ చేస్తా.

మీ పెదనాన్న