పాఠకుల ప్రశ్నలు: అమ్మవార్ల పుస్తకం రాసిన మద్రాసు బిషప్పు

ప్రశ్న: ఎం.ఏ. చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం పోలేరమ్మ కొలుపు గురించి వెతుకుతుంటే ‘ద విలేజ్ గాడ్స్ ఆఫ్ సౌత్ ఇండియా’ అనే పాత ఇంగ్లిషు పుస్తకం దొరికింది. రాసింది మద్రాసు బిషప్పట. క్రైస్తవ మతాధికారికి మన గ్రామదేవతలతో పనేమిటండీ? ఆయన రాసింది నమ్మి వాడుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, గుడివాడ

జవాబు: వాడుకో తల్లీ. కాకపోతే ఏ అధ్యాయాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుసుకుని వాడుకో. ఆ పుస్తకం మీద నాకు ఎంతో గౌరవం ఉంది, కొన్ని పేజీల మీద కోపమూ ఉంది. రెండూ చెబుతాను.

హెన్రీ వైట్‌హెడ్ 1853లో ఇంగ్లండులో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీలో చదివి, 1883లో కలకత్తా బిషప్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. 1899లో మద్రాసు బిషప్పు అయ్యారు. 1835లో ఏర్పడిన ఆ పీఠానికి ఆయన ఐదోవారు. అప్పట్లో మద్రాసు బిషప్పుకు జీతం సర్కారు ఖజానా నుంచే వచ్చేది. గవర్నరు విందుల్లోనూ, సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో దొరల పెళ్లిళ్లలోనూ కాలం గడిపేసినా అడిగేవాళ్లు ఉండేవారు కాదు.

కానీ ఆయన కింద తెలుగు జిల్లాలున్నాయి. కృష్ణా, గోదావరి, కర్నూలు, కడప ప్రాంతాల్లో మాల, మాదిగ కుటుంబాలు అప్పటికే వాడలకు వాడలుగా క్రైస్తవంలోకి వస్తున్నాయి. వాళ్లను చూడటానికి పల్లెలకు వెళ్లిన బిషప్పుకు ప్రతి ఊళ్లోనూ ఒక అమ్మవారు ఎదురైంది. కలరా వచ్చినా, పశువులకు గాలికుంటు వచ్చినా, వాన మొహం చాటేసినా ఊరంతా ఎవరి దగ్గరికి పరుగెత్తుతుందో ఆయన గమనించారు. సంస్కృత గ్రంథాల్లోంచి మన మతాన్ని చదువుకున్న దొరలకు ఆమె కనిపించలేదు. ఈయనకు కనిపించింది. నా గౌరవం అందుకు.

చూసినవీ, స్థానికులను అడిగి తెలుసుకున్నవీ కలిపి 1907లో మద్రాసు మ్యూజియం బులెటిన్‌లో అచ్చువేశారు. దాన్నే పెంచి 1916లో పుస్తకంగా తెచ్చారు. 1921లో రెండో కూర్పు వచ్చింది. అందులో తెలుగుదేశపు కొలుపులకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. నీ ప్రాజెక్టుకు ప్రాణం అదే. ముత్యాలమ్మ, చిన్నింటమ్మ, చల్లాలమ్మ, ఘంటాలమ్మ, మామిళ్లమ్మ, అంకమ్మ, పెద్దమ్మ... ఇలా పేర్లన్నీ పోగుచేశారు. వాళ్లకు కావలిగా పోతురాజు. కుమ్మరి మట్టితో చేసిన అమ్మవారి బొమ్మ, అమ్మవారి పాటలు పాడే ఆసాదుల ఆట, అమ్మవారు పూనే మాతంగి, దున్నపోతు బలి, నెత్తురు కలిపిన అన్నం ఊరి పొలిమేర చుట్టూ పొలి చల్లడం, చివర బొమ్మను పొలిమేర దాటించడం, అన్నీ ఉన్నాయి. ఎవరి వంతు ఏమిటో కూడా చెబుతారు. పూజారి బ్రాహ్మణుడు కాడని, ఈ దేవతలకు లోకాల సృష్టితో నిమిత్తం లేదని, తమ ఊరి బాగోగులే వాళ్ల లోకమని ఆయన తేల్చిన మాటలు నేటికీ నిలుస్తాయి. నేను పెరిగింది డోర్నకల్ జంక్షన్‌లో, రైల్వే క్వార్టర్స్‌లో. మా అమ్మ ముత్యాలమ్మకు బోనం ఎత్తేది. తర్వాత లెక్చరర్‌నయ్యాక ఆ అధ్యాయం చదివితే, ఆయన కృష్ణా తీరం గురించి రాసిన సంగతులు సగానికి సగం మా ఊరి జాతరలో నేను కళ్లారా చూసినవే.

బలిచ్చిన దున్నపోతు ముందుకాలు నరికి దాని నోట్లోనే పెట్టడం ఎందుకో తెలుసా? వైట్‌హెడ్ ఒక కథ నమోదు చేశారు. ఒక అంటరాని కులపు యువకుడు చదువుకుని, బ్రాహ్మణుణ్నని చెప్పి ఒక బ్రాహ్మణ కన్యను పెళ్లాడతాడు. పిల్లలు పుడతారు. కొన్నేళ్లకు అతని తల్లి వస్తుంది. ఆమె తిండి దగ్గర అన్న ఒక్క మాటతో గుట్టు బయటపడుతుంది. ఆ ఇల్లాలు ఇంటికి నిప్పుపెట్టి తానూ కాలిపోయి దేవతవుతుంది, భర్త దున్నపోతుగా పుడతాడు. ఏటేటా ఆ దున్నను బలిచ్చి అవమానించడమే ఆ కాలు నోట్లో పెట్టడమట. ఈ కథను తమాషా కథగా రాసి వదిలేయకమ్మా. కులం దాటిన మనిషికి ఊరు ఏటా వేసే శిక్ష అది. పైగా ఆ దున్నను నరికే పని, మోసే పని ఎవరి చేత చేయిస్తారో చూడు. చదువుకున్నందుకు శిక్షపడిన ఆ యువకుడి వైపు నుంచి ఈ కథను చదవడం నీ ప్రాజెక్టులో నువ్వు చేయాల్సిన పని. వైట్‌హెడ్ చేయలేదు.

ఇక జాగ్రత్తలు. ఈ ఆచారాల పుట్టుక మీద రాసిన అధ్యాయం ఆనాటి టోటెమ్ సిద్ధాంతం మీద, అంటే ఒక్కో తెగ ఒక్కో జంతువును తన చుట్టంగా కొలిచేదన్న ఊహ మీద, కట్టింది. ఇప్పుడు దాన్ని ఆధారంగా చూపిస్తే మీ గైడు ఒప్పుకోరు. చివరి అధ్యాయంలో ఆయన మిషనరీగా తీర్పు చెబుతారు. ఈ కొలుపులో భయమే తప్ప మరేమీ లేదన్నట్టు రాసిన చోట నాకు కోపం వస్తుంది. మా అమ్మ బోనం ఎత్తినప్పుడు ఆ ముఖంలో భయం ఒక్కటే ఉండేది కాదు. అలాగే ఆసాదులు, బైండ్లవాళ్లు పాడే పాటల మీద ఆయన నిలవరు. అవి నువ్వు రికార్డు చేసుకో. పాడేవాళ్లు తగ్గిపోతున్నారు, ఈ సెలవుల్లోనే వెళ్లు.

ప్రశ్న: డోర్నకల్ చర్చి అంటే అందరూ అజరయ్య బిషప్ గారి పేరే చెబుతారు. ఆయన్ని బిషప్పు చేసింది ఒక ఇంగ్లిషు దొర అని మా తాతగారు అనేవారు. ఎవరాయన?
– ఒక పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: మీ తాతగారు అన్నది ఈ వైట్‌హెడ్ గురించే. పీఠం ఇచ్చింది ఆయనొక్కరే కాదు గానీ, పట్టుబట్టి సాధించింది మాత్రం ఆయనే.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి దగ్గర వెళ్ళాళన్‌విళైలో పుట్టారు. చాలాకాలం వై.ఎం.సి.ఎ. (క్రైస్తవ యువకుల సంఘం) కార్యదర్శిగా పనిచేశారు. 1903లో తిరునెల్వేలిలో భారతీయుల సొమ్ముతో, భారతీయులే నడిపే మిషనరీ సొసైటీని స్థాపించినవారిలో ఆయన ముఖ్యులు. ఆ సొసైటీ పనిచేయడానికి ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని మన డోర్నకల్. పరాయి జిల్లాకు మనుషులను పంపి ఊరుకోవడం ఇష్టంలేక, 1909లో తానే ఇక్కడికి వచ్చారు. తమిళుడాయన, తెలుగు నేర్చుకుని తెలుగులో ప్రసంగించారు.

ఆ మరుసటేడు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య లేచి, మీరు మా బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, మాకోసం ప్రాణాలూ ఇచ్చారు, మేం అడిగేది ప్రేమ, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. దాదాపు అందరూ తెల్లవాళ్లే ఉన్న సభలో ఒక భారతీయుడు అలా మాట్లాడటం ఎంతమందికి కష్టంగా తోచి ఉంటుందో ఊహించుకోండి. అలాంటి మనిషిని బిషప్పు చేయాలని వైట్‌హెడ్ పట్టుపట్టారు. తెల్ల మిషనరీలు ఒక నల్లవాడి కింద పనిచేయాలా అన్నవాళ్లున్నారు. అజరయ్య ఆనాడు కిందికులంగా చూసిన నాడార్ కులస్థుడని మొహం చిట్లించిన భారతీయ క్రైస్తవులూ ఉన్నారు. ఆ సంగతి దాచకూడదు. గుళ్లోనే కాదు, చర్చిలోనూ కులం బలంగానే ఉండేది.

వైట్‌హెడ్ తన సొంత మద్రాసు డయోసిస్‌లోంచే ఒక ముక్క కోసి ఇచ్చారు. డయోసిస్ అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో అజరయ్యకు అభిషేకం జరిగింది. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయపు బిషప్పు, ఆయనే. మొదట్లో చిన్న ప్రాంతం. తర్వాత కృష్ణా, గోదావరి ప్రాంతాలూ చేరాయి. ఎద్దుబండి మీదా సైకిలు మీదా పల్లెలు తిరిగిన అజరయ్య కాలంలోనే డోర్నకల్ సంఘం రెండు లక్షలు దాటింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కథీడ్రల్‌ను మీరు చూసే ఉంటారు. గుమ్మటాలు మసీదును, రాతి స్తంభాలు గుడిని తలపిస్తాయి. చిన్నప్పుడు మాకు అందులో పరాయితనం ఏ కోశానా కనిపించేది కాదు.

వైట్‌హెడ్‌ను పొగిడి ఊరుకోలేను. అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. అప్పటిదాకా, అంటే 32 ఏళ్లపాటు, మొత్తం దేశంలో ఒక డయోసిస్‌కు అధిపతిగా ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్పు ఆయనొక్కరే. ఒక బిషప్పు తెరిచిన తలుపును మిగతా బిషప్పులు ఓరగా వేసే ఉంచారు. వైట్‌హెడ్ చేసిన పని ఎంత అరుదైనదో, ఆయన చుట్టూ ఉన్న సంస్థ ఎంత బిగుసుకుని ఉండేదో, ఆ 32 ఏళ్లే చెబుతున్నాయి.

ప్రశ్న: మా లెక్కల పుస్తకాల్లో కనిపించే వైట్‌హెడ్, ఈ బిషప్పు ఒకరేనా?
– ఒక ఉపాధ్యాయుడు, హన్మకొండ

జవాబు: ఒకరు కాదండీ, అన్నదమ్ములు. బెర్ట్రండ్ రస్సెల్‌తో కలిసి ‘ప్రిన్సిపియా మాథమాటికా’ రాసిన ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్ 1861లో పుట్టారు, బిషప్పు గారికి తమ్ముడు. ఇద్దరూ షెర్బర్న్ స్కూల్లోనే చదివారు. తమ్ముడు గణితం నుంచి తత్త్వశాస్త్రానికి వెళ్లి 1924లో హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. ప్రపంచమంతా తమ్ముణ్ని చదువుతుంది. మన పల్లెల మీద పని చేసేవాళ్లకు అన్నగారే కావాలి.

ప్రశ్న: మా పాస్టరు గారు ఈమధ్యే రిటైరయ్యారు. బిషప్పులకూ రిటైర్మెంటు ఉంటుందా? ఈయన చివరిదాకా మద్రాసులోనే ఉన్నారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇప్పుడు ఉందమ్మా. ఇంగ్లండు చర్చిలో 70 ఏళ్లకు దిగిపోవాలన్న చట్టం 1975లో వచ్చింది. అంతకుముందు ఓపిక ఉన్నంతకాలం కూర్చోవచ్చు. వైట్‌హెడ్‌కు ముందున్న ఫ్రెడరిక్ గెల్ 1861 నుంచి 1898 దాకా మద్రాసు పీఠం మీదే ఉన్నారు. వైట్‌హెడ్ మాత్రం 1922లో, 70 నిండకముందే, తనంతట తాను దిగి ఇంగ్లండు వెళ్లిపోయారు. నాలుగు దశాబ్దాలు ఇక్కడ గడిపి వెళ్లిన మనిషి. 1924లో ‘ఇండియన్ ప్రాబ్లమ్స్’ పేరుతో మన మతం, చదువు, రాజకీయాల మీద మరో పుస్తకం తెచ్చారు.

ఆ తర్వాత కూడా చాలాకాలం బతికారు. 93 ఏళ్ల వయసులో 1947లో పోయారు. తమ్ముడు కూడా అదే ఏడాది డిసెంబరులో పోయారు. మద్రాసులో బిషప్పు గారి పీఠం ఉన్న సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లోనే ఆ ఏడాది సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇతర సంఘాలవారు కలిసి దక్షిణ ఇండియా సంఘాన్ని, అంటే మీ సి.ఎస్.ఐ.ని, ఏర్పాటు చేశారు. ఆ కలయిక కోసం 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశాన్ని ముందుండి నడిపించినవారిలో అజరయ్య ఒకరు. ఆ రోజు చూడటానికి ఆయన లేరు.

కృష్ణా, పశ్చిమగోదావరి పాఠకులకు ఒక మనవి. ఏలూరు, మచిలీపట్నం వైపు వైట్‌హెడ్ వర్ణించిన కొలుపులు మీ ఊళ్లో ఇప్పుడు ఎలా జరుగుతున్నాయో రాసి పంపండి. మట్టి బొమ్మ ఎవరు చేస్తున్నారు, పొలి ఎవరు చల్లుతున్నారు, ఆసాదులు ఇంకా వస్తున్నారా అన్నది తప్పకుండా రాయండి. గుడివాడ అమ్మాయికీ పనికొస్తుంది, వచ్చే నెల ఇక్కడ అచ్చువేస్తాం కూడా.