జైసల్మేర్ దాకా కారులో: అల్లుడికి కొన్ని జాగ్రత్తలు

అనంతపురం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నువ్వు రాసి పంపిన ప్లాను చూసినాను. మూడు రోజుల్లో జైసల్మేర్ చేరాలని రోజుకు 650 కిలోమీటర్ల లెక్క వేసినావు. ఫోన్‌లో మ్యాపు చూపించే టైము ఒక్కడే కూర్చుని, కాఫీ తాగకుండా, ఒంటికి దిగకుండా నడిపేవాడి టైము. మీరు ఆరుగురు. అక్కకు, అంటే మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి, బావకు, అంటే మీ నాన్నకు షుగరు, చిన్నదానికి ఆరేళ్ళు. ఆ టైముకు మూడో వంతు కలుపుకో. రోజుకు 450 దాటితే కష్టమని నీకే తెలుస్తుంది.

దారి ఇట్లా పెట్టుకో. మొదటి రోజు బళ్ళారి, హోసపేట, విజయపుర మీదుగా సోలాపూర్, సుమారు 460 కిలోమీటర్లు. రెండో రోజు తుల్జాపూర్, బీడ్, ఔరంగాబాద్ మీదుగా ధూలే, 450. ఔరంగాబాద్ అంటే ఇప్పుడు బోర్డుల మీద ఛత్రపతి సంభాజీనగర్ అని ఉంటుంది, గాబరా పడొద్దు. మూడో రోజు సూరత్ పక్క నుంచి వడోదర, 370. నాలుగో రోజు అహ్మదాబాద్ దాటి పాలన్‌పూర్, 250 మాత్రమే. ఐదో రోజు సాంచోర్, బాడ్‌మేర్ మీదుగా జైసల్మేర్, 400. నాలుగో రోజును కావాలనే పొట్టిగా పెట్టినా. మూడు రోజులు వరుసగా కూర్చుంటే పెద్దవాళ్ళ కాళ్ళు వాస్తాయి, పిల్లలు ఊరికే ఏడుస్తారు, నీకు నడుము పట్టేస్తుంది. ఆ మధ్యాహ్నం బట్టలు ఉతుక్కోండి, బండి ఆయిలు, కూలెంటు, టైర్లు చూడు. పోను ఐదు, అక్కడ నాలుగు, రాను ఐదు, మొత్తం 14 రోజులు. సంక్రాంతి సెలవుల్లో ఇది ఇమడదు. బడికి సెలవు చీటీ రాయి, లేదంటే ప్రయాణం మానుకో. రోజులు కుదించడం మాత్రం వద్దు. నెల విషయంలో నీ లెక్క సరిపోయింది. డిసెంబరు, జనవరి మించిన కాలం లేదు. మార్చి దాటితే ఆ పక్క ముసలివాళ్ళతో పోయేది కాదు.

ఎడారి అనేసరికి నీ దిగులంతా ఇసుక మీదనే ఉన్నట్టుంది. మోసం చేసేది ఇసుక కాదు అల్లుడా, రోడ్డు. బాడ్‌మేర్ దాటినాక తారు రోడ్డు గీత గీసినట్టు పోతుంది. మలుపు లేదు, ఊరు లేదు, ఎదురు బండి కూడా తక్కువే. ఘాట్ రోడ్డులో కన్ను, చెయ్యి, కాలు పనిలో ఉంటాయి కాబట్టి నిద్ర రాదు. అక్కడ అరగంటకే కన్ను తెరిచి ఉన్నా మనసు నిద్రపోతుంది, ముల్లు 80 నుంచి 120కి ఎప్పుడు పోయిందో తెలీదు. నిండు బండికి 90 చాలు, చిన్న రోడ్ల మీద 70. అమ్మాయికీ స్టీరింగు చేతనవును కదా, రెండు గంటలకు ఒకసారి చేతులు మార్చుకోండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా భోంచేసినవాడు నడపకూడదు. మాట్లాడిస్తూ ఉంటే నిద్ర రాదనేది ఉత్త భ్రమ. వస్తే పక్కకు ఆపి ఇరవై నిమిషాలు పడుకోవడమే మందు.

చీకట్లో నడపొద్దని ఊరికే చెప్పడం లేదు. విజయపుర, సోలాపూర్ మధ్య ఆ నెలల్లో చెరకు కోత నడుస్తుంటుంది. ఒక ట్రాక్టరు వెనక రెండు ట్రాలీలు, వెనక లైటు ఉండదు, చెరకు రెండు పక్కలా బయటికి వేలాడుతుంటుంది. అక్కడ ఎడారిలో ఒంటెలు. ఒంటె ఒళ్ళు ఎత్తులో ఉంటుంది కాబట్టి డిప్పు లైటుకు సన్నని కాళ్ళే కనిపిస్తాయి, అవి కూడా ఇసుక రంగులోనే. గుద్దితే బానెట్టు కాళ్ళను తీసేస్తుంది, ఒళ్ళంతా వచ్చి అద్దం మీద పడుతుంది. ఆవును గుద్దినట్టు కాదు.

ఇంకో సంగతి. జైసల్మేర్ బాగా పడమటన ఉంది. ఆ రోజుల్లో అక్కడ పొద్దు పొడిచేది ఏడున్నర అటూ ఇటూ, మనకన్నా ముప్పావు గంట పైనే ఆలస్యం. పొద్దుగూకేది మాత్రం ఇంచుమించు మన టైముకే, ఆరింటికి. తెల్లవారుజామున ఐదుకు బయలుదేరే మన అలవాటు ఈ ప్రయాణానికి వద్దు. పాలన్‌పూర్ నుంచి అట్లా బయలుదేరితే రెండు గంటల పైన చీకట్లో నడపాలి. ఐదో రోజు ఇడ్లీయో పోహానో తిని ఏడింటికే కదలండి. సాయంత్రం పడమటికి నడిపేటప్పుడు ఎండ నేరుగా కళ్ళలో పడుతుంది, లోపల, బయట అద్దం శుభ్రంగా తుడిచి పెట్టుకో. మురికి అద్దం మీద ఆ ఎండ పడితే ముందు ఏమీ కనపడదు.

ఇక బండి. మిగతావన్నీ సర్వీసు షెడ్డులో చూస్తారు, టైర్లు మాత్రం నువ్వే వంగి చూడు. టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారంలో గడి ఉంటుంది, అందులో నాలుగు అంకెలు. 2320 అని ఉంటే 2020వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఐదారేళ్ళు దాటిన టైరు గాడి నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, మార్చేయి. గాడి లోతు చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లు చాలు, ఈ ప్రయాణానికి 3 కన్నా తక్కువుంటే వద్దు. స్టెప్నీని కూడా దించి చూడు. అందరూ మరిచేది దాన్నే, గాలి ఉండదు.

గాలి సంగతి. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, అందులో మామూలు లోడుకు ఒకటి, ఫుల్ లోడుకు ఒకటి అంకెలుంటాయి. నువ్వు ఫుల్ లోడు అంకె చూడు. ఎండాకాలం గాలి తక్కువ పెట్టాలని పంక్చరు షాపుల్లో చెప్తారు, అది తిరగేసిన మాట. గాలి తక్కువైతే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకూ మడత పడి లేస్తుంది, ఆ మడతకే వేడెక్కుతుంది, గంటల తరబడి అదే స్పీడులో పోతే పేలుతుంది. పొద్దున్నే బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలువు. మధ్యాహ్నం కొలిస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని వదిలేస్తే మరుసటి పొద్దున తక్కువ గాలితో బయలుదేరినట్టే. పన్నెండు వోల్టుల చిన్న ఇన్‌ఫ్లేటరు ఒకటి కొను, ఇసుకలోనూ పనికొస్తుంది.

రేడియేటరులో బోరు నీళ్ళు పోయించొద్దు. మన నీళ్ళ ఉప్పు సంగతి బిందెల అడుగున చూస్తూనే ఉంటావు, ఆ పొరే రేడియేటరు గొట్టాల్లో పడుతుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం. వేడి ముల్లు పైకి పోతే ఏసీ ఆపు, హీటరు పూర్తిగా పెట్టు (ఇంజను వేడిని క్యాబినులోకి లాగుతుంది), నీడ చూసి ఆపు. ముప్పావు గంట దాకా మూత ముట్టుకోవద్దు. బ్యాటరీ మూడేళ్ళు దాటి ఉంటే టెస్టు చేయించు, చలి తెల్లవారుజామున మొరాయించేది అదే.

పెట్రోలు మన ఊళ్ళో బళ్ళారి చేరేంత మటుకే పోయించు, కర్ణాటకలో తక్కువ. విజయపురలో మళ్ళీ నింపు. గుజరాతులోనూ తక్కువే, పాలన్‌పూర్‌లో ఫుల్ చేసుకొని రాజస్థాన్‌లోకి అడుగు పెట్టు. అన్నీ కలిపి 4,300 కిలోమీటర్లు, నిండు బండి, ఏసీ, లీటరుకు 14 అనుకో, 300 లీటర్ల పైనే. ఫాస్టాగ్ ఏడాది పాసు తీసుకో, 2025లో 3,000 రూపాయలు ఉండేది, 200 సార్లు దాటొచ్చు, నేషనల్ హైవేల మీదనే చెల్లుతుంది. రాష్ట్ర రోడ్ల టోలుకు మామూలు బ్యాలెన్సు ఉంచుకో. గుజరాతులో మద్యనిషేధం, బండిలో ఒక్క సీసా కూడా ఉండకూడదు. ఇది బావకు నువ్వు చెప్పు, నేను చెప్తే బాగుండదు.

తిండికి పెద్ద హంగామా వద్దు. మొదటి రోజుకు చింతపండు పులుసన్నం, తర్వాతకు బొరుగులు, నిప్పట్లు, చెనిక్కాయ పొడి, ఎండు జొన్న రొట్టెలు. సోలాపూర్‌లో శెంగా చట్నీ అని అమ్మేది మన చెనిక్కాయ పొడికి అన్నదమ్ముడే, అయిపోతే అక్కడ కొనొచ్చు. గుజరాతు నుంచి అన్నం దొరికేది తగ్గుతుంది, దొరికినా బావకు రుచించదు. కర్నూలు సోనా మూడు కిలోలు, చిన్న కరెంటు కుక్కరు వేసుకోండి. సజ్జ రొట్టె మాత్రం అక్కడ తినండి, బాగుంటుంది. బావ ఇన్సులిన్ ఫ్లాస్కులో పెట్టు, ఐసు నేరుగా తగలకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే. మాత్రలు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టుకోండి. గాలి పొడిగా ఉండి పిల్లలకు ముక్కు నుంచి రక్తం కారొచ్చు, రాత్రిపూట ముక్కు రంధ్రాల అంచున కొబ్బరినూనె రాయమను.

జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా మనదేనని చిన్నప్పటి నుంచి వింటున్నాం, అది నిజం కాదు. దాన్ని నమ్ముకొని ఎడారి మనకు కొత్తేం కాదనుకోవద్దు. మనకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, అక్కడ 200 పడితే గొప్ప. పాకిస్తాన్ సరిహద్దు పక్కనున్న తనోట్, లోంగేవాలా పోయే రోజు ఒక్కటే అసలైన ఎడారి రోజు. జైసల్మేర్ నుంచి తనోట్ సుమారు 120 కిలోమీటర్లు, లోంగేవాలా చుట్టి వస్తే మొత్తం 270, 280 అవుతుంది. ఆ పొద్దున మనిషికి నాలుగు లీటర్ల లెక్కన 24, బండికి ఇంకో ఆరు, అంటే అయిదు లీటర్ల డబ్బాలు ఆరు. నేల మీద, సీట్ల సందుల్లో పెట్టు. టాపు మీద బరువు పెడితే పక్క గాలికి బండి ఊగుతుంది. ట్యాంకు జైసల్మేర్‌లోనే నింపు, దారిలో దొరికేది లెక్కలోకి తీసుకోవద్దు. రామ్‌గఢ్ దాటినాక సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకో, ముఖ్యమైన నెంబర్లు కాగితం మీద రాసి అక్క చేతికివ్వు. మ్యాపు మట్టిదారిలో దగ్గర దారి చూపించినా దిగొద్దు. తనోట్ మాత గుడిని సరిహద్దు కాపలా కాసే బీఎస్‌ఎఫ్ వాళ్ళే చూసుకుంటారు. అక్కడి నుంచి సరిహద్దు దాకా పోవాలంటే వాళ్ళ అనుమతి కావాలి, అందరి ఆధార్ ఒరిజినల్స్ దగ్గర పెట్టుకో.

సామ్ దిబ్బలు జైసల్మేరుకు 40 కిలోమీటర్లు. అక్కడ నీ బండిని తారు మీద నుంచి దించొద్దు. దిబ్బ ఎక్కాలంటే జీపులు ఉంటాయి, కూర్చొని పొమ్మను, వెనక నిలబడి ఫోటోలు వద్దు. గాలికి రోడ్డు మీదికి ఇసుక నాలుకలాగా వచ్చి ఉంటుంది. దాని మీదికి పోకముందే స్పీడు తగ్గించు, మీద ఉన్నప్పుడు బ్రేకూ వద్దు, మలుపూ వద్దు. పొరపాటున దిగబడితే యాక్సిలరేటరు తొక్కడం ఆపు. చక్రం తిరిగేకొద్దీ గుంత తవ్వుకుంటుంది, అడుగు ఇసుక మీద ఆనిందంటే ఇక కదలదు. అందరినీ దింపు. చక్రాల ముందూ వెనకా ఇసుక చేతుల్తో తీసెయ్యి, స్టీరింగు నేరుగా పెట్టు, గాలి 18 నుంచి 20 పాయింట్లకు దించు. టైరు చదునై ఎక్కువ తావు ఆనుతుంది, కూరుకుపోదు. మీది ముందు చక్రాలతో నడిచే బండి కాబట్టి ఫ్లోరు మ్యాట్లు ముందు చక్రాలకే ఆనించు. ముందుకు కాదు, వచ్చిన జాడలోనే రివర్సులో మెల్లగా రా, ఆ ఇసుక అప్పటికే అణిగి ఉంటుంది. తారు ఎక్కినాక గాలి నింపకుండా స్పీడు 30 దాటొద్దు. ఇదంతా చదివితే రాదు. బొమ్మనహాళ్ దగ్గర దర్గా హొన్నూరు ఇసుక మేటలు ఎంతో దూరం కాదు, ఒక ఆదివారం పోయి గాలి దించడం, ఎక్కించడం చేసి చూడు.

దిబ్బల మీద పొద్దుగూకంగానే చలి ఒక్కసారిగా దిగుతుంది. మేఘం, తేమ లేవు కాబట్టి పగటి వేడంతా ఆకాశంలోకి పోతుంది, తెల్లారేసరికి అయిదారు డిగ్రీలు. మన ఊరి స్వెటరు ఒక్కటి ఆనదు, లోపల ఒకటి, పైన ఒకటి, చెవులకు మఫ్లరు. సూర్యాస్తమయం చూసి చీకట్లో 40 కిలోమీటర్లు వెనక్కి రావడం కన్నా ఆ రాత్రి సామ్‌లోనే బస చెయ్యి. ఆ పక్కనే డెజర్ట్ నేషనల్ పార్కు, మన రోళ్ళపాడు బట్టమేక పిట్టకు అదే పెద్ద దిక్కు. పిల్లలకు చూపించు, కనపడితే అదృష్టమే.

దారిలో బండి ఆగితే నేషనల్ హైవే మీద 1033, ఒంట్లో బాగాలేకపోతే 108, ఏదైనా 112.

బయలుదేరే వారం ముందు బండి తీసుకొని ఇంటికి రా. జాకీ ఇసుకలో దిగబడకుండా కింద పెట్టేదానికి అడుగు చదరం, అంగుళం మందం చెక్క పలక కోయించి పెట్టినా, తీసుకుపో. ఆ పొద్దే స్టెప్నీ దించి, అమ్మాయి చేత ఒక చక్రం మార్పిద్దాం.

ఇట్లు,
మీ మామ