చిన్నారీ, కూజా కంటే ముందు కాగితాలు చూడు

చిన్నారీ,

నువ్వు పాతకాలం గ్రీకు కూజా కొనబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో నా తరవాత వీటి మీద మనసుపడ్డది నువ్వేనని పొంగిపోయాను. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది.

ఫొటో చూశాను. మూడు రేకుల మూతి, గుండ్రటి పొట్ట, దాని మీద పాకుతున్న పసివాడు, వాడి ముందు బొమ్మబండి. అమ్మేవాళ్లు చెప్పింది నిజమైతే అది ఏథెన్స్‌లో క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లో చేసిన ఖూస్, అంటే ద్రాక్షసారా పోసే కూజా. అక్కడ ద్రాక్షసారా దేవుడికి చేసే ఆంథెస్టీరియా పండుగ రెండో రోజు మూడో ఏడు వచ్చిన పిల్లలకు పూలకిరీటం పెట్టేవారు. ఇలాంటి బుల్లి కూజాలు ఆ పండుగవే.

అతినీలలోహిత దీపం కింద చూపించమను, కొత్తగా పూసిన రంగు, అతుకులు చాలావరకు బయటపడతాయి. పిడి పట్టుకుని ఎత్తకు. కడగకు. థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష మట్టిని కాల్చి సుమారు ఎన్నేళ్లయిందో చెబుతుంది. ఎవరు తవ్వారో చెప్పదు.

నా భయమంతా అక్కడే. వాడుకున్న కూజా పగిలిపోతుంది. పగలకుండా మన దాకా వచ్చిందంటే చాలావరకు సమాధిలోంచే. ఈ బుల్లి ఖూస్‌లు పిల్లల సమాధుల్లో ఎన్నో దొరికాయి. దొంగచాటుగా తవ్వేవాడు కూజా పట్టుకుపోతాడు. ఆ బిడ్డ ఎవరో, పక్కన ఇంకేం పెట్టారో ఇక ఎవరికీ తెలియదు.

ఇక్కడ లండన్‌లో నాకొక స్నేహితుడుండేవాడు. చొక్కా కొన్నా బిల్లు దాచే మనిషి. అలాంటివాడు ఇలాంటి కూజానే ఒక్క వాక్యం నమ్మి కొన్నాడు: 'పాత స్విస్ కుటుంబం దగ్గరిది.' ఏ కుటుంబం, ఏ సంవత్సరం, పాత ఫొటో ఉందా అని అడగలేదు. అందం చూసి అడగబుద్ధి కాలేదన్నాడు. ఆయన పోయాక భార్య దాన్ని వేలంవాళ్ల దగ్గరికి తీసుకెళ్లింది. 1970కి ముందు ఎక్కడుందో రుజువు చూపమన్నారు. ఆవిడ దగ్గర ఆ ఒక్క వాక్యమే ఉంది. వెనక్కిచ్చేశారు. "మా ఆయన దొంగసొత్తు కొన్నాడా అన్నయ్యా?" అని మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది. అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. నీకు ఆ గతి పట్టకూడదు తల్లీ.

1970 ఎందుకంటే, దొంగతనంగా దేశం దాటే ప్రాచీన వస్తువుల మీద యునెస్కో ఒప్పందం ఆ ఏడాదే కుదిరింది. పెద్దవాళ్లకీ తప్పలేదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1972లో పది లక్షల డాలర్లకు కొన్న పాత్ర ఒకటుంది, ప్రాచీన గ్రీకు చిత్రకారుడు యూఫ్రోనియోస్ బొమ్మలు వేసింది. ఇటలీలో దొంగచాటుగా తవ్వి తీసిందని 2008లో అది ఆ దేశానికే తిరిగి వెళ్లిపోయింది.

కాబట్టి పాత వేలం కేటలాగో, తేదీ ఉన్న బిల్లో, ఉత్తరమో చూపమను. నసిగితే లేచి వచ్చెయ్. ఇంకొకరెవరో కొనేస్తారని తొందరపెడితే కొననీ. అసలు ఫొటో చూడగానే అడ్వాన్స్ ఇస్తానన్నావట, అదేం తొందర?

వాళ్లు చూపించినవన్నీ నాకు పంపు, కళ్లద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం చదువుతాను. అన్నీ సరిగ్గా ఉంటే మాత్రం వదులుకోకు. డబ్బు తక్కువైతే నన్నడుగు. మీ అమ్మకు చెప్పను.

మీ మామయ్య