జైలు వార్డర్ మీద ఎలాంటి కేసులు వస్తాయి? పై అధికారి చెబితే చేశానంటే సరిపోతుందా?

మీ తమ్ముడికి వార్డర్ ఉద్యోగం వచ్చిందని, ఖైదీని కొడితే తప్ప వార్డర్ మీద కేసు రాదని ఎవరో ధైర్యం చెప్పారని రాశారు. ఆ ధైర్యం నమ్ముకోవద్దు. నేను వార్డర్‌గా చేరి హెడ్ వార్డర్‌గా రిటైరయ్యాను. నా కళ్ళముందు సస్పెండైనవాళ్ళలో చేయి చేసుకున్నవాళ్ళు తక్కువే. ఖైదీకి చిన్న సాయం చేసి ఇరుక్కున్నవాళ్ళు, చేయవలసిన పని చేయకుండా ఊరుకున్నవాళ్ళు ఎక్కువ.

ఆ సాయం ఎలా మొదలవుతుందో చెబుతాను. కొత్త వార్డర్ ఎలాంటివాడో ఖైదీలు ఇట్టే పసిగడతారు. రిమాండ్ ఖైదీ ఒకడు, చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, బ్యారక్ తాళం వేసే వేళ దగ్గరికి వచ్చి, "సార్, అమ్మకు ఒంట్లో బాగాలేదు. ఒక్కసారి ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కోండి" అంటాడు. డబ్బు ప్రస్తావనే ఉండదు. వార్డర్ జాలిపడి ఫోన్ చేస్తాడు. రాత్రికి అడగకుండానే అతని ఫోన్‌కు ఆ ఇంటినుంచి ఐదు వందలు వచ్చి పడతాయి. ఇక సాక్ష్యం వాళ్ళ చేతిలో ఉన్నట్టే. తర్వాత బీడీ కట్ట అడుగుతారు, ఆ తర్వాత సిమ్ కార్డు. కుదరదంటే అదే మర్యాదతో, "సూపరింటెండెంట్ గారికి చెప్పమంటారా సార్?" అంటాడు. జాలి తప్పు కాదు. ఆ సంగతి జైలర్‌కు చెప్పి, జైలు ఫోన్‌లోనే మాట్లాడించాలి.

1894 నాటి జైళ్ళ చట్టం 9వ సెక్షన్ ఖైదీతో ఎలాంటి డబ్బు లావాదేవీ పెట్టుకోవద్దంటుంది. నిషేధిత వస్తువు లోపలికి చేరవేస్తే 42వ సెక్షన్. విధి ఉల్లంఘనకు 54వ సెక్షన్ మొదట రాసిన శిక్ష 200 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల జైలు, లేదా రెండూ. (పిరికితనం కూడా ఆ సెక్షన్‌లో నేరమే.) 200 రూపాయలే కదా అని నవ్వుకోవద్దు. ఆ ఐదు వందలు లంచమని తేలితే అవినీతి నిరోధక చట్టం 7వ సెక్షన్ కింద మూడు నుంచి ఏడేళ్ళ శిక్ష పడుతుంది. వార్డర్ నిర్లక్ష్యం వల్ల ఖైదీ తప్పించుకుంటే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 261వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలు.

ఏమీ చేయకపోవడం ఎంత ప్రమాదమో మన కోయిలకుంట్ల సబ్‌జైలు కేసు చూస్తే తెలుస్తుంది. 1977 మేలో అక్కడ రిమాండ్‌లో ఉన్న తండ్రీకొడుకుల సెల్‌లోకి తెల్లవారుజామున బాంబులు విసిరారు. తండ్రి చనిపోయాడు. ప్రాణహాని ఉందని వాళ్ళు ముందే చెప్పుకున్నారు, అయినా కాపలా సరిగా లేదు. జైలు నడపడం తన సార్వభౌమాధికారంతో చేసే పని కాబట్టి నష్టానికి బాధ్యత లేదని ప్రభుత్వం వాదిస్తే, 2000లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. హైకోర్టు వేసిన 1,44,000 రూపాయల పరిహారం ఖాయమైంది. కట్టేది ప్రభుత్వమే కదా అనుకోవద్దు. తప్పు ఎవరిదో విచారణలో తేలితే, నష్టాన్ని జీతంలోంచి రాబట్టడం సర్వీసు నిబంధనల్లో ఉన్న శిక్షే.

నాకు ఎదురైన సంఘటన ఒకటి. నైట్ డ్యూటీలో అర్ధరాత్రి దాటాక ఒక శిక్షా ఖైదీ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. "నాటకం, ఆసుపత్రి భోజనం కోసం. తెల్లారాక చూద్దాం" అన్నాడు నాకంటే సీనియర్. నాటకమో కాదో తేల్చడం వార్డర్ పని కాదు. ఒంట్లో బాగాలేని ఖైదీ సంగతి ఆలస్యం లేకుండా పైకి చెప్పమనే జైళ్ళ చట్టం 37వ సెక్షన్ అంటుంది. రిజిస్టర్‌లో టైము వేసి, డ్యూటీ అధికారిని లేపాను. అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు, బతికాడు. చనిపోయి ఉంటే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు సమాచారం, తర్వాత మేజిస్ట్రేట్ విచారణ. అక్కడ మొదట తెరిచేది ఆ రిజిస్టరే.

పై అధికారి మౌఖికంగా తప్పుడు పని చెబితే? "రాసివ్వండి" అని అడగమని శిక్షణలో చెబుతారు. కొత్త వార్డర్ అలా అడిగితే మర్నాటినుంచి వాచ్‌టవర్ మీద నైట్ డ్యూటీలే. నేను మాత్రం, "సరే సార్, మీ పేరుతో రిజిస్టర్‌లో రాసి చేస్తాను" అనేవాణ్ణి. సగం ఆదేశాలు అక్కడే ఆగిపోయేవి. కొట్టమనే ఆదేశం రాసిచ్చినా చెల్లదు, అది చట్టబద్ధం కాదు కాబట్టి. 1979లో సుప్రీంకోర్టు సునీల్ బాత్రా కేసు చేపట్టింది, తిహార్‌లో డబ్బు కోసం ఒక ఖైదీని హెడ్ వార్డర్ హింసించాడని మరో ఖైదీ రాసిన ఉత్తరం మీదనే. 2017లో ముంబయి బైకుల్లా మహిళా జైలులో ఒక ఖైదీ చనిపోతే ఆరుగురు సిబ్బందిని అరెస్టు చేశారు. గొడవ కోడిగుడ్లు, పావ్ లెక్క తేలకపోవడం దగ్గర మొదలైందని ఆరోపణ.

మహిళా ఖైదీల విషయంలో "ఆమెకూ ఇష్టమే" అన్న మాట నిలబడదు. హోదాను వాడుకుని ప్రలోభపెట్టి లైంగిక సంబంధం పెట్టుకున్నాడని తేలితే న్యాయ సంహిత 68వ సెక్షన్ కింద ఐదు నుంచి పదేళ్ళు. అత్యాచారమైతే కనీసం పదేళ్ళు. ఇంకొకటి, పాకీ పని ఫలానా కులం వాళ్ళకే అప్పగించే అలవాటు కొన్ని జైళ్ళలో ఉండేది. అలా కులం చూసి పనులు పంచే నిబంధనలను 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. పాత హెడ్ వార్డర్ "ఇక్కడ ఇంతే" అన్నా మీ తమ్ముడు ఆ జాబితా మీద సంతకం పెట్టకూడదు.

ఉద్యోగంలో చేరమనే చెబుతాను. చేతి అప్పులుంటే ముందు తీర్చుకోమనండి. డబ్బులు వచ్చే ఫోన్ నంబరు ఒకటి, డ్యూటీలో తోటి సిబ్బందికి ఇచ్చే నంబరు ఇంకొకటి పెట్టుకోమనండి.