ప్యాకేజీలు పక్క మెషిన్ నుంచి వస్తే నమ్మొచ్చా?

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో అన్నీ డెబియన్ (ఒక రకం లినక్స్) మెషిన్లే. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ అన్నీ అవే ఫైళ్లను బయటి సర్వర్ నుంచి విడివిడిగా తెచ్చుకుంటాయి. టొరెంట్ పద్ధతిలో, అంటే ఫైళ్లను ఒకదాన్నుంచి ఒకటి తెచ్చుకుంటూ, ఆ మెషిన్లు తమలో తామే ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్ ఫైళ్లు) పంచుకునేలా ఒక టూల్ రాద్దామనుకుంటున్నాం. ఎవరిచ్చారో తెలియని ఫైల్‌ని రూట్ హక్కులతో (మెషిన్ మీద పూర్తి అధికారంతో) ఇన్‌స్టాల్ చేస్తారా అని మా గైడ్ ఒప్పుకోవడం లేదు. ఆయనకేం చెప్పాలి?
— చివరి సంవత్సరం విద్యార్థి

జవాబు: ఆయన భయం సబబే గానీ, దానికి మందు డెబియన్‌లో ప్యాకేజీలు తెచ్చి ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్‌లోనే ఉంది. డెబియన్ డిజిటల్ సంతకం చేసేది ఇన్‌రిలీజ్ అనే చిన్న ఫైల్‌కి. అందులో ప్యాకేజీల జాబితా తాలూకు హ్యాష్ (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య) ఉంటుంది, ఆ జాబితాలో ఒక్కో డెబ్ ఫైల్ (ప్యాకేజీ ఫైల్) సైజు, ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ ఉంటాయి. ఫైల్ ఎవరి దగ్గర్నుంచి వచ్చినా లెక్క సరిపోకపోతే ఆప్ట్ ఒప్పుకోదు. ఇన్‌రిలీజ్‌ని మాత్రం నేరుగా మిర్రర్ (డెబియన్ ఫైళ్ల నకలు ఉంచే బయటి సర్వర్) నుంచే తెచ్చుకోండి. పాత ఇన్‌రిలీజ్ మీద ఉన్న సంతకం కూడా అసలైనదే కదా, పక్క మెషిన్ దాన్ని అంటగట్టి కొత్త సెక్యూరిటీ అప్‌డేట్లు మీకు కనబడకుండా చేయొచ్చు.

నిజానికి మీకు టెన్షన్ పెట్టేది వేరే ఉంది. టొరెంట్‌లో ఏముందో ముందే ఖరారైపోవాలి. రిపాజిటరీ (ప్యాకేజీలన్నీ ఉండే చోటు) అలా కాదు, ఇంకా అభివృద్ధిలో ఉండే డెబియన్ అన్‌స్టేబుల్ అయితే రోజులో నాలుగుసార్లు మారుతుంది. పైగా వేల ప్యాకేజీల్లో మీకు కావలసినవి కొన్నే, వాటిలో చాలావరకు చిన్న ఫైళ్లు. 2007 గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో (విద్యార్థులు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ రాసే కార్యక్రమం) వచ్చిన డెబ్‌టొరెంట్ అనే టూల్ ఈ టొరెంట్ దారిలోనే వెళ్లింది. తర్వాత అదే డెవలపర్ రాసిన ఆప్ట్-పీ2పీ టొరెంట్‌ని వదిలేసి, ఫైల్ హ్యాష్‌తోనే డీహెచ్‌టీలో (ఏ ఫైల్ ఎవరి దగ్గరుందో మెషిన్లన్నీ పంచుకుని దాచే పట్టికలో) వెతికే పద్ధతి పట్టింది. నా ఓటు దానికే. చిన్న ఫైల్‌ని ఒకే మెషిన్ నుంచి మొత్తంగా తీసుకోండి. కెర్నెల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) లాంటి పెద్దదైతే ముక్కలు చేయాలి, ముక్క ముక్కకీ హ్యాష్ కూడా ఉండాలి. లేకపోతే చివర్లో లెక్క తప్పినప్పుడు చెడ్డ ముక్క ఎవరిచ్చారో తేలదు.

ఆప్ట్‌ని ముట్టుకోకుండా లోకల్ ప్రాక్సీగా (ఆప్ట్‌కీ సర్వర్‌కీ మధ్య అదే మెషిన్‌లో ఉండే ప్రోగ్రామ్‌గా) రాయండి. సోర్సెస్‌లో (ఆప్ట్ ఏ సర్వర్లకి వెళ్లాలో రాసుకునే ఫైల్‌లో) హెచ్‌టీటీపీఎస్ ఉంటే ప్రాక్సీకి ఏ ఫైల్ అడుగుతున్నారో కనబడదు కాబట్టి హెచ్‌టీటీపీ పెట్టండి. సంతకం ఉంది కదా, ఫైల్ మారిపోతుందన్న భయం లేదు. పక్క మెషిన్ రెండు మూడు సెకన్లలో పలకకపోతే మిర్రర్‌కి వెళ్లిపోవాలి. టూల్ వల్ల అప్‌డేట్ ఆలస్యమైతే మర్నాడే దాన్ని తీసేస్తారు.

ల్యాబ్ ఇబ్బంది తీరడమే కావాలంటే, ఒక మెషిన్‌లో ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ (ఒకసారి తెచ్చిన ప్యాకేజీని దాచి అన్ని మెషిన్లకీ ఇచ్చే ప్రోగ్రామ్) పెడితే చాలు. మార్కులు కూడా కావాలి కాబట్టి రాయండి!

ప్రశ్న: అదే టూల్‌ని ఇంటర్నెట్ మొత్తానికీ తెరిస్తే?

జవాబు: ఇప్పుడే వద్దు. మీ మెషిన్ ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ పంచుతోందో ఎవరైనా చూడొచ్చు. లోపం బయటపడిన పాత వెర్షన్ ఇంకా మీ దగ్గరుందని దాడి చేసేవాడికి మీరే చెప్పినట్టవుతుంది. దానికితోడు రూటర్ల వెనకున్న మెషిన్లను కలపడమే పెద్ద పని. అవాహీతో (ఒకే నెట్‌వర్క్‌లోని మెషిన్లను వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్) ల్యాబ్‌లోని మెషిన్లు ఒకదాన్నొకటి కనుక్కునేంత వరకు చేయండి, ఒక సెమిస్టర్‌కి అదే ఎక్కువ.