ఢిల్లీ పాఠం చెప్పబోతున్న అమ్మడికి

కావలి

అమ్మడూ,

తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ ఏడంతా ఢిల్లీ కట్టడాలను అడ్డం పెట్టుకుని ఇంగ్లిష్ చెబుతావంట, సంక్రాంతి దాటాక వాళ్లని నిజంగానే ఢిల్లీ తీసుకెళ్తావంట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు చెప్పలేదు. ముప్పై నాలుగేళ్లు ఇంగ్లిష్ చెప్పిన పెదనాయన కావలిలో ఒకడున్నాడని గుర్తు రాలేదా, లేక వద్దంటానని భయపడ్డావా? వద్దననులే. మన ఇంట్లో ఇంకొకరు సుద్దముక్క పట్టుకున్నారని ఊరంతా చెప్పుకుంటున్నా. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం ఎర్రకోట.

ఎర్రకోట సంగతి కాసేపాగి చెప్తా.

తల్లిదండ్రుల సంతకాలు, ఆధార్ జిరాక్స్‌లు, జ్వరం బిళ్లలు, స్వెటర్లు, ఆడపిల్లలకి తోడుగా ఇంకో టీచరమ్మ. ఇవన్నీ నీకు తెలిసినవే. సోమవారం ఎర్రకోట మూసేస్తారు, అది మాత్రం టికెట్లు తీసేముందు చూసుకో.

పాఠం ఢిల్లీలో మొదలుపెట్టకు. సింగరాయకొండ స్టేషన్‌లో మొదలుపెట్టు. ఆ పసుపు బోర్డు మీద ఊరి పేరు మూడు లిపుల్లో ఉంటుంది. పిల్లలు రోజూ చూస్తారు గానీ చదవరు. 'కొండ'లో ఉన్న సున్నా ఇంగ్లిష్‌లో ఏ అక్షరమైందో చూడమను. ఎన్ అంటారు. మరి కంభం స్టేషన్ బోర్డు మీద అదే సున్నా ఎమ్ ఎందుకైందని అడుగు. పెదాలు కలిపి, విడదీసి వాళ్లే తేల్చుకుంటారు. ఆ తర్వాత ఢిల్లీ రోడ్డు బోర్డు ఫోటో చూపించు. అక్కడ ఒకే పేరు హిందీ, ఇంగ్లిష్, పంజాబీ, ఉర్దూల్లో రాసి ఉంటుంది. నాలుగు భాషలు ఒకే రేకు మీద సర్దుకోగా లేంది, మన బడిలో రెండు భాషలకి తగువెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

2020-21 నుంచి మీకు ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి కదా. మా కాలంలో అవి ఉంటే కళ్లకద్దుకునేవాణ్ణి. అయినా ఒక చిక్కుంది. పిల్లలు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుంటారు, ఇంగ్లిష్ పేజీ బట్టీ కొడతారు. ఈ పేజీ నుంచి ఆ పేజీకి వాళ్లని చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది నువ్వే.

కుతుబ్ మినార్ ఆవరణలో ఇనుప స్తంభం ఉంది చూడు, దాన్ని తీసుకో. ఏడు మీటర్ల ఎత్తు, ఆరు టన్నుల పైన బరువు, దాదాపు 1600 ఏళ్లు ఎండావానల్లో నిలబడి ఉంది, తుప్పు తినలేదు. ఇది నేరుగా ఇంగ్లిష్‌లో చెబితే ఒక్కడి ముఖంలోనూ కదలిక ఉండదు. ముందు తెలుగులో అడుగు: "మీ ఇంటి కిటికీ ఊచలు ఎన్నేళ్లకి తుప్పు పట్టాయిరా?" సముద్రం ఒడ్డున పాకల ఊరి నుంచి వచ్చే పిల్లలున్నారు కదా, ఉప్పుగాలికి గేట్లూ సైకిళ్లూ ఏమవుతాయో నీకే పాఠం చెబుతారు. అరగంట చెప్పనివ్వు. ఆ తర్వాత బోర్డు మీద రస్ట్, సాల్ట్, ఐరన్ అని రాస్తే, అవి ఇంక వాళ్ల ఇంటి మాటలు. అప్పుడు ఆ స్తంభానికి తుప్పెందుకు పట్టలేదని వాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్నని ఇంగ్లిష్‌లో అడిగించు. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ, దానివల్ల పైన పల్చటి కవచంలాంటి పొర కట్టిందని మీ సైన్స్ మాస్టారితో చెప్పించు.

మినార్ 72.5 మీటర్లని రాయించొద్దు. కొబ్బరిచెట్టు మీద కొబ్బరిచెట్టు పెడితే ఎన్ని పడతాయో లెక్కగట్టమను. లోపల 379 మెట్లున్నాయి గానీ ఎక్కనివ్వరు. 1981 డిసెంబరులో లోపల కరెంటు పోయి, తొక్కిసలాటలో 45 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది బడిపిల్లలే. అప్పుడు నేను కొత్త మాస్టర్ని. పేపర్‌లో ఆ వార్త చదివి అన్నం తినలేదు. ఎవరైనా ఎక్కిస్తామన్నా ఎక్కించకు.

నా పాత చార్టులు అడిగావంట. ఇవ్వను. వాటిమీద రాజ్‌పథ్ అని ఉంది. 2022 సెప్టెంబరులో అది కర్తవ్య పథ్ అయింది. తెల్లవాళ్ల కాలంలో కింగ్స్‌వే. గుండ్రటి పాత పార్లమెంటు ఇప్పుడు సంవిధాన్ సదన్. 'ఈజ్', 'వాజ్' చెప్పడానికి ఇంతకన్నా మంచి ఊరు దొరకదు, పిల్లల చేతే కొత్త చార్టు గీయించు. మెట్రోలో అయితే నువ్వు నోరు మెదపనక్కర్లేదు. తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయో కుడివైపో హిందీలో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి చెబుతూనే ఉంటారు. నాలుగు స్టేషన్లు దాటేసరికి పిల్లలు గొంతు కలుపుతారు.

ఇక ఎర్రకోట.

1988 ఫిబ్రవరిలో నేనూ ఇంకో మాస్టరూ కలిసి ముప్పై ఒక్కమందిని జీటీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ తీసుకెళ్లాం. అప్పట్లో నాకొక పిచ్చి ఉండేది. నా పీరియడ్‌లో తెలుగు మాట వినబడితే పావలా జరిమానా. హార్లిక్స్ సీసాలో వేయించేవాణ్ణి. పిల్లలు వణికేవాళ్లు, హెడ్మాస్టరు మెచ్చుకునేవాడు, నేను కాలరెగరేసేవాణ్ణి. రైలు బయల్దేరగానే లేచి నిలబడి, ఈ వారం రోజులూ ఇంగ్లిష్ పీరియడే, జరిమానా అక్కడా ఉంటుందని చెప్పా. సీసా కూడా సంచిలో పెట్టుకుని బయల్దేరానంటే చూడు ఎంత మూర్ఖుణ్ణో.

ఎర్రకోట మీద ఇరవై నాలుగు వాక్యాలు బట్టీ పట్టించా. లాహోరీ గేటు దగ్గర లెక్కపెడితే ముప్పై ఒకటి. చత్తా చౌక్ బజారు దాటి, దివాన్-ఎ-ఆమ్ దగ్గర లెక్కపెడితే ముప్పై. మళ్లీ లెక్కపెట్టా. ముప్పై. మిగతావాళ్లని ఆ మాస్టరు దగ్గర కూర్చోబెట్టి పరిగెత్తా. చలికాలం, అయినా చొక్కా తడిసిపోయింది. ఆ గంటన్నరలో వాళ్లమ్మకి ఏం చెప్పాలో వందసార్లు అనుకున్నా. ఇప్పటికీ జనంలో నడుస్తుంటే నాకు తెలియకుండానే తలలు లెక్కపెడతా, మీ పెద్దమ్మ నవ్వుతుంది.

ఆ తప్పిపోయినవాడు గేటు దగ్గర పోలీసు పక్కన కూర్చుని ఉన్నాడు. పోలీసు నవ్వుతున్నాడు. పేరేంటని హిందీలో అడిగాడంట, అర్థం కాలేదు. ఎక్కణ్ణుంచి వచ్చావని ఇంగ్లిష్‌లో అడిగాడంట, దానికి మావాడు లేచి చేతులు కట్టుకుని "ది రెడ్ ఫోర్ట్ వాజ్ బిల్ట్ బై షాజహాన్" అన్నాడంట. ఏం అడిగినా అదే, 1648 దాకా వెళ్లి మళ్లీ మొదటికి వస్తున్నాడంట.

అంతవరకైతే నవ్వుకుని వదిలేసేవాణ్ణే. పక్కనే గూడూరు వాళ్లు ఒక కుటుంబం ఉన్నారు. ఆయన అన్నాడు: "మేం తెలుగులో మాట్లాడుకుంటా ఉంటే మా వైపే చూస్తా ఉన్నాడు సార్. నోరు తెరవలేదు. తెలుగు పిల్లోడని మాకెట్టా తెలుస్తుంది?"

రైల్లో వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగా, వాళ్లని ఎందుకు పిలవలేదురా అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి కాగితంలో చుట్టిన గాజులు తీసి చూపించాడు. చత్తా చౌక్‌లో వాళ్లమ్మకి కొన్నాడు, అక్కడే వెనకబడ్డాడు. "ఉన్న డబ్బులు గాజులకి ఇచ్చేశా సార్. పావలా లేదు" అన్నాడు.

ఇంటికొచ్చాక ఆ సీసా మీ పెద్దమ్మకి ఇచ్చేశా. దాంట్లో చాలాకాలం ఉప్పు పోసుకుంది.

అందుకే అమ్మడూ, నీ పాఠ్యప్రణాళికలో ఎన్ని కట్టడాలున్నాయని అడగను. తప్పిపోయిన పిల్ల ఏం అడగాలో ఎన్ని రోజులు నేర్పిస్తావో చెప్పు. "నేను తప్పిపోయాను, మా టీచర్ నంబరు ఇది, ఒకసారి ఫోన్ చేస్తారా?" ఈ మూడు ముక్కలూ ఇంగ్లిష్‌లో రావాలి, హిందీలో రావాలి. ఢిల్లీ ఆటో అబ్బాయితో ఎక్కువగా హిందీయే పనికొస్తుంది, మీ హిందీ టీచర్‌ని బతిమాలి వెంట తీసుకెళ్లు. తెలుగు మాట చెవిన పడితే సిగ్గుపడకుండా గట్టిగా పిలవమను. క్లాసులోనే నాటకం ఆడించు: ఒకడు పోలీసు, ఒకడు ఆటోవాడు, ఒకడు గూడూరాయన. షాజహాన్ని ఎవరైనా మరిచిపోతే మరిచిపోనీ.

ఒక పూట అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్‌కి తీసుకెళ్లి అన్నం పెట్టించు. ఇండియా గేట్‌కి దగ్గరే. 42 మీటర్ల ఆ గేటు మీద చెక్కిన పేర్లు పదమూడు వేల పైచిలుకు, ఎవరికి నచ్చిన పేరు వాళ్లని నోట్‌బుక్‌లో రాసుకోమను, అన్నం తింటూ చదువుకోవచ్చు. పప్పూ గోంగూరా కనబడగానే చూడు, అంతదాకా మూగగా ఉన్నవాళ్లు కూడా ఆ రోజు చూసిందంతా చెప్పేస్తారు. చెప్పింది చెప్పినట్టు రాసుకో. మర్నాడు అదే ఇంగ్లిష్ పాఠం.

కోప్పడ్డానని బాధపడకు. నీకు నాకన్నా బాగా చెప్పడం వచ్చని మీ బడికి వచ్చిన రోజే చూశా. కిటికీ బయట నిలబడి విన్నా, నీకు చెప్పలేదు.

టికెట్లు ఒంగోలు నుంచే తీసుకో, తేదీ ముందుగా చెప్పు. మీ పెద్దమ్మ రెండు రాత్రులకి సరిపడా పులిహోర కలుపుతానంటోంది, మొదటి రాత్రికి చాలని చెప్పా, వినదు. నేనూ స్టేషన్‌కి వస్తా. అంత రాత్రి ఎందుకు పెదనాయనా అనొద్దు. రైలెక్కేముందు ఒకసారి తలలు లెక్కపెట్టి వెళ్లిపోతా.

మీ
పెదనాయన