బీజెడ్‌సీ చదివి పక్షులు, అడవుల మధ్య ఉద్యోగం చేయొచ్చా?

ప్రకాశం జిల్లా సింగరాయకొండ నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. బీజెడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ డిగ్రీ, ఫైనలియర్ చదువుతోంది. చిన్నప్పటి నుంచి పక్షులన్నా సముద్రమన్నా ఇష్టం. ఇంట్లో మాత్రం బీఈడీ చెయ్యమని, లేకపోతే బ్యాంకు కోచింగ్‌లో చేరమని అంటున్నారు. ప్రకృతి సంరక్షణలో నిజంగా బతుకుదెరువు ఉందా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతోంది.

ఉంది చెల్లీ. నీకంటే బాగా పెద్దదాన్ని కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. మాది దొరవారిసత్రం వైపు. జువాలజీలో పీజీ చేసి, ఇప్పుడు తీరప్రాంత చిత్తడి నేలల మీద ఒక ప్రాజెక్టులో ఫీల్డ్ బయాలజిస్టుగా పనిచేస్తున్నాను. మా ఇంట్లో కూడా ఇదే టెన్షన్ నడిచింది కాబట్టి నీ ప్రశ్న నాకు బాగా అర్థమైంది.

మొదట తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ‘ప్రకృతి సంరక్షకులు కావలెను’ అని నోటిఫికేషన్ ఎప్పుడూ పడదు. ఈ పని అటవీ శాఖలో కొంత, పరిశోధన సంస్థల్లో కొంత, మత్స్య శాఖలో, పశువైద్యంలో, స్వచ్ఛంద సంస్థల్లో కొంత ఉంటుంది. అందుకే బయటివాళ్లకు ఇక్కడ ఉద్యోగాలే లేనట్టు కనిపిస్తుంది. మీ నాన్నగారు భయపడటంలో తప్పులేదు. ఈ దారిలో వెళ్లినవాళ్లను ఆయన చూసి ఉండరు.

ప్రభుత్వ ఉద్యోగం గురించి ముందు చెబుతాను, ఇంట్లో అడిగేది అదే కాబట్టి. చాలామందికి తెలిసింది ఐఎఫ్ఎస్, అంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్, ఒక్కటే. యూపీఎస్సీ పెట్టే పరీక్ష, ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది. డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ లాంటి సబ్జెక్టుల్లో ఒక్కటైనా ఉండాలి. నీకు మూడు ఉన్నాయి. కానీ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. దాని ఒక్కదాని మీదే ఏళ్లు గడపమని నేను చెప్పను. ఏపీపీఎస్సీ ద్వారా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, బీట్ ఆఫీసర్, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ పోస్టులు పడతాయి. రేంజ్ ఆఫీసర్‌కు నీ డిగ్రీ పనికొస్తుంది, బీట్ ఆఫీసర్‌కు ఇంటర్ చాలు. 2025లో బీట్ ఆఫీసర్, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ కలిపి 691 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. రాతపరీక్షతో పాటు నడక పరీక్ష ఉంటుంది. నాలుగు గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. ఆ 16 కిలోమీటర్లను తేలిగ్గా తీసుకోవద్దు. రోజూ తెల్లవారుజామున నడిచే అలవాటు ఇప్పుడే చేసుకో. ఈ అలవాటు ఏ ఫీల్డ్ పనికైనా కావాలి.

అయితే ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో తెలిసే చేరు. మన వైపు అడవి అంటే ఒకటే రకం కాదు. ప్రకాశం పడమటి వైపు, దోర్నాల దగ్గర నుంచి నల్లమల మొదలవుతుంది. అది నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్, దేశంలోని పులుల రిజర్వులన్నింటిలోకీ పెద్దది. నెల్లూరు పడమట వెలిగొండల్లో పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది, ఆ కొండల్లో ఎర్రచందనం ఉంది. తూర్పున పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల అభయారణ్యం. వెలిగొండల్లో బీట్ డ్యూటీ అంటే ఎర్రచందనం దొంగల కోసం రాత్రిళ్లు కాపలా కాయడం, కేసులు రాయడం, కోర్టుకు తిరగడం. ఎండాకాలంలో నిప్పు అంటుకుంటే కొండెక్కి ఆర్పాలి. నర్సరీలో మొక్కల లెక్కలు చూడాలి. ఇవన్నీ నేను గౌరవంతోనే చెబుతున్నాను. ఆ పని చేసేవాళ్లు లేకపోతే మేము అధ్యయనం చెయ్యడానికి అడవే మిగలదు. కానీ నీకు పక్షి ప్రవర్తన గురించి ప్రశ్నలు వేసుకుని ఏళ్ల తరబడి వెతకడం ఇష్టమైతే, యూనిఫాం ఉద్యోగంలో దానికి తీరిక చిక్కదు.

అలాంటివాళ్ల దారి పరిశోధన. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది, 1982లో పెట్టారు, అక్కడ వైల్డ్‌లైఫ్ సైన్స్‌లో ఎమ్మెస్సీ ఉంది. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) వాళ్ల వైల్డ్‌లైఫ్ బయాలజీ అండ్ కన్జర్వేషన్ ఎమ్మెస్సీకి రెండేళ్లకోసారి బ్యాచ్ తీసుకుంటారు. పుదుచ్చేరి యూనివర్సిటీలో ఎకాలజీ ఎమ్మెస్సీ మన వాళ్లకు దగ్గర, ఖర్చు కూడా అందుబాటులో ఉంటుంది. ఇంట్లో దూరం పంపనంటే మన విక్రమ సింహపురి యూనివర్సిటీలోనే మెరైన్ బయాలజీ ఉంది. సముద్రం ఇష్టమన్నావు కాబట్టి దాన్ని చిన్నచూపు చూడకు. పెద్ద పేరున్న చోట సీటు రాకపోతే అంతా అయిపోయిందనుకునే పిల్లల్ని చూస్తుంటాను, నాకు బాధేస్తుంది. ఈ రంగంలో ఇంటర్వ్యూ చేసేవాళ్లు కాలేజీ పేరు తర్వాత అడిగే మొదటి ప్రశ్న, ‘ఇంతవరకు ఫీల్డ్‌లో ఏం చేశావు?’ అని. దానికి నీ దగ్గర జవాబు ఉండాలి.

ఆ జవాబు తయారు చేసుకోవడానికి నీ ఊరంత మంచి చోటు దొరకదు. హైదరాబాద్ పిల్లలు సెలవు పెట్టుకుని, డబ్బు పెట్టుకుని వచ్చి చూసే తీరం నీ ఇంటి దగ్గరుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గుంటలో వంద, అంతకు మించి గుడ్లు ఉంటాయి, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. లోపల పెరిగేది ఆడపిల్లా మగపిల్లా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది, వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ. అదే రోజుల్లో చచ్చిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెద్ద తాబేళ్లు కూడా కనిపిస్తాయి. తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. ట్రాలర్ వలలో ఇరుక్కుంటే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. పాకల బీచ్‌లో వారానికి ఒకరోజు ఒకే దూరం నడువు. చచ్చిన తాబేలు కనిపిస్తే తేదీ, చోటు, చిప్ప పొడవు రాసుకో, ఫోటో తియ్యి. బతికున్నదాన్ని, గుడ్లను మాత్రం ముట్టుకోవద్దు. అది వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి. గుడ్లు కనిపిస్తే ఫారెస్టు వాళ్లకు చెప్పు, వాళ్లు గుడ్లను పొదిగించే హేచరీకి తరలిస్తారు. కనిపించని రోజు కూడా ‘ఏమీ లేదు’ అని రాయడం మర్చిపోకు. చాలామంది కనిపించిన రోజే రాస్తారు. అలా రాసిన లెక్కల నుంచి తాబేళ్లు పెరిగాయో తగ్గాయో తేల్చలేం.

పక్షులకైతే ఈబర్డ్ అనే యాప్ ఉంది, ఉచితం. ఎంతసేపు చూశావు, ఎంత దూరం నడిచావు, ఏ పక్షులు ఎన్ని అని అందులో పెడితే అది శాస్త్రవేత్తలు వాడుకునే సమాచారం అవుతుంది. పాలేరు, మన్నేరు సముద్రంలో కలిసే చోట్ల ఉల్లంకి జాతి పక్షులు చలికాలంలో దిగుతాయి, అక్కడ మొదలుపెట్టు. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, మన వైపు లెక్కించేవాళ్లు తక్కువ. నువ్వు వస్తానంటే వద్దనేవాళ్లు ఉండరు. అక్కడే నీకు ఈ రంగంలో పనిచేసేవాళ్లు పరిచయమవుతారు. నాకు తెలిసిన చాలామంది మొదటి ప్రాజెక్టులో చేరింది అలాంటి పరిచయాలతోనే.

పేపర్లో చదివినదాన్ని నీ కళ్లతో చూసినదానితో సరిచూసుకో. నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) సైబీరియా నుంచి వస్తాయని ఏటా ఎవరో ఒకరు రాస్తుంటారు. గూడబాతు మన దక్షిణాసియా పక్షి. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండాక, నీళ్లలో నిలబడే కడప చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తుంది. నేలపట్టును 1976లో అభయారణ్యం చేశారు కానీ, అంతకుముందు నుంచే ఊళ్లవాళ్లు ఆ పక్షుల్ని కాపాడుకున్నారు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పారితే వరి బాగా పండుతుందని వాళ్లకు తెలుసు. సైబీరియా కథ కంటే ఈ కథ ఎంత గొప్పదో చూడు. చెరువులో నీళ్లు, చెట్లు, ఊళ్లో రైతు, ఈ మూడూ ఉంటేనే ఆ పక్షి ఉంటుంది.

అందుకే నీకు గట్టిగా చెప్పాలనుకున్నది, స్థానికుల దగ్గర నేర్చుకో. 1840లలో జెర్డాన్ అనే బ్రిటిష్ డాక్టరు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉండేవాడు. ఇక్కడి జంతువులు, పక్షుల గురించి ఆయనకు చాలా విషయాలు చెప్పింది మన యానాదులు. ఆయన పేరుతోనే ఇప్పటికీ పిలిచే జెర్డాన్స్ కోర్సర్ అనే పక్షి, మన కలివికోడి, 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ బయటపడింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతుంటే, రాత్రిపూట దాన్ని పట్టుకున్నది ఆ ఊరి వేటగాడు. నల్లమల బేస్‌క్యాంపుల్లో చెంచులు లేకపోతే పులుల కాపలా నడవదు. పులికాట్‌లో రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఎప్పుడు పూడుకుంటుందో, పూడుకుంటే రొయ్య ఎలా తగ్గుతుందో జాలర్లు చెప్పగలిగినంత వివరంగా నాకు ఏ రిపోర్టులోనూ దొరకలేదు. నీది తెలుగు, నీది ఈ తీరం యాస. బయట నుంచి వచ్చే పరిశోధకులకు ఆ వీలు లేదు. ఇక్కడివాళ్ల దగ్గర కూర్చుని అడుగు, రాసుకో, ఎవరు చెప్పారో వాళ్ల పేరు కూడా రాసుకో. రేపు నీ రిపోర్టులో ఆ పేరు ఉండాలి.

ఇంకో దారి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఓడరేవులు, ఫ్యాక్టరీలు, రోడ్లు కట్టేముందు పర్యావరణ ప్రభావ అధ్యయనం చెయ్యాలి. అలాంటి పని చేసే కన్సల్టెన్సీలకు పక్షుల్ని, మొక్కల్ని గుర్తుపట్టేవాళ్లు కావాలి. ‘అది కంపెనీలకు పనిచెయ్యడమే, చెయ్యకూడదు’ అంటారు కొందరు. నేను ఒప్పుకోను. అక్కడ ఉన్నవాటిని ఉన్నట్టు రాసే మనిషి ఆ టీంలో ఉండటమే మేలు. అబద్ధం రాయమంటే మాత్రం ఆ రోజే బయటికి వచ్చెయ్యాలి. ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉంది, నీ తమ్ముడో చెల్లెలో ఇంటర్ బైపీసీలో ఉంటే దాన్నీ చూడమను. రొయ్యల చెరువులు ఇంతగా ఉన్న మన జిల్లాల్లో, చెరువు నీళ్లు కాలువలోకి ఎలా వదలాలో రైతుకు నచ్చజెప్పగలిగినవాళ్లు చేసేది కూడా సంరక్షణే.

చదువు పక్కన రెండు పనులు నేర్చుకో. ఒకటి స్టాటిస్టిక్స్, దానికి ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేర్. రెండోది మ్యాపులు గీసే ‘క్యూజీఐఎస్’. రెండూ ఉచితమే. పక్షుల్ని గుర్తుపట్టేవాళ్లు చాలామంది వస్తారు, లెక్క కట్టి చూపించగలిగినవాళ్లు తక్కువ.

ఇక డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి, పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, ఇంటి అద్దె వేరే. ప్రాజెక్టుల్లో మొదట చేరినప్పుడు చాలాసార్లు అంతకంటే తక్కువే ఇస్తారు. ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి, మధ్యలో కొన్ని నెలలు ఖాళీగా ఉండొచ్చు. అందుకని మొదటి జీతం నుంచే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టు. బీఈడీ చెయ్యమంటున్నారన్నావు కదా, అది కూడా నీకు శత్రువేమీ కాదు. స్కూల్లో పిల్లల్ని చెరువు గట్టుకు తీసుకెళ్లే సైన్స్ టీచరు మన జిల్లాలకు చాలా అవసరం. కాకపోతే అది నీ ఇష్టంతో ఎంచుకోవాలి.

ఆడపిల్లవి కాబట్టి ఒక్క మాట. ఫీల్డ్‌కు ఒంటరిగా వెళ్లొద్దు. ఎక్కడికి వెళ్తున్నావో, ఎప్పటికి తిరిగొస్తావో ఇంట్లో చెప్పి వెళ్లు. ఏ ప్రాజెక్టులో చేరినా బస ఎక్కడ, బాత్రూం ఉందా, ఇంకో అమ్మాయి ఉందా, వాహనం ఎవరు నడుపుతారు అని ముందే అడుగు. అడగడం మొహమాటం అనుకోవద్దు. ఇవి అడిగితే చిరాకు పడే చోట చేరకపోవడమే మంచిది.

మీ నాన్నగారికి మాటలతో చెబితే నమ్మకం కుదరదు, చూపించాలి. చలికాలంలో ఒక ఆదివారం ఆయన్ని కూడా తీసుకుని సూళ్లూరుపేటలో రైలు దిగు. శ్రీహరికోట రోడ్డు పులికాట్ మధ్యలోంచే వెళ్తుంది, నీళ్లుంటే రెండు పక్కలా రాజహంసలు కనిపిస్తాయి. అక్కడి నుంచి నేలపట్టుకు వెళ్లి, అక్కడి వాచర్లతో ఆయన్నే మాట్లాడనివ్వు. వీలైతే ఒక బీట్ ఆఫీసర్‌తో కూడా మాట్లాడించు. జీతం, డ్యూటీ, సెలవులు అన్నీ ఆయనే అడుగుతారు.

నీ డిగ్రీ మార్కులు ఎంత, ఇంగ్లీషులో పేపర్లు చదవగలవా, ఇల్లు వదిలి రెండేళ్లు ఉండగలవా, ఈ మూడు రాయి. ఏ ఎంట్రన్సుకు ముందు సిద్ధం కావాలో అప్పుడు వివరంగా చెబుతాను.